బోర్డు సభ్యుల వృత్తి నేపథ్యాలు: ఎవరిని తీసుకోవాలి, వారి గురించి ఏం రాయాలి

దృష్టి లోపం ఉన్న పిల్లలకు చదువు చెప్పే మీ సంస్థకు తొమ్మిదేళ్లు నిండాయని, పది మంది ఉండవలసిన బోర్డులో ఇప్పుడు ఏడుగురే ఉన్నారని రాశారు. వారిలో నలుగురు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, ఒకరు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, మిగిలిన ఇద్దరిలో ఒకరు వ్యవస్థాపకురాలైన మీరు, మరొకరు కోశాధికారిగా ఉన్న మీ అన్నగారు. నిధులివ్వడానికి ముందుకొచ్చిన ఒక దాతృ సంస్థ మీ బోర్డు సభ్యుల వృత్తి నేపథ్యాలు పంపమని అడిగింది. ఖాళీగా ఉన్న మూడు స్థానాలను ఏయే వృత్తుల వారితో నింపాలి, అందరి నేపథ్యాలనూ ఎలా రాసి పంపాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు. నేను వృత్తిరీత్యా ఆడిటర్‌ని. ఇరవై రెండేళ్లుగా నాలుగు స్వచ్ఛంద సంస్థల బోర్డుల్లో సభ్యుడిగా, వాటిలో రెండింటికి కోశాధికారిగా, ఒకదానికి అధ్యక్షుడిగా పనిచేశాను. ఆ అనుభవంతో చెప్పగలిగినది చెబుతాను.

ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు ఒక పట్టిక: ఒక లాయరు, ఒక అకౌంటెంటు, ఒక డాక్టరు, పత్రికా రంగం నుంచి ఒకరు, పెద్ద కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నవారు ఒకరు. ఆ పట్టికలో తప్పేమీ లేదు గాని, దానితో మొదలుపెట్టడం తప్పు. ఆసుపత్రికైనా, గ్రంథాలయానికైనా, మీ బడికైనా అదే పట్టిక వర్తిస్తుంది. మీ సంస్థ రాబోయే మూడేళ్లలో తేల్చుకోవలసిన విషయాలు మాత్రం మీకు ప్రత్యేకమైనవి. కాబట్టి ముందుగా ఏడుగురూ ఒకచోట కూర్చుని ఆ విషయాలేమిటో ఒక కాగితం మీద రాసుకోండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు కనిపించినవి ఇవి. వసతి గృహానికి సొంత భవనం కట్టాలా, అద్దెకే కొనసాగాలా? పిల్లలను ఎంతకాలం ప్రత్యేక బడిలో ఉంచాలి, ఏ తరగతి నుంచి మామూలు బడుల్లో చేర్పించి వెనక నుండి సాయపడాలి? సగానికి పైగా ఖర్చు భరిస్తున్న ఒకే ఒక్క దాత రేపు తప్పుకుంటే జీతాలెలా? వసతి గృహంలో పిల్లల భద్రతకు ఎవరు పూచీ? మీరు ఏదో ఒకరోజు బాధ్యత దిగిపోతే ఆ స్థానంలోకి ఎవరు రావాలి? ఒక్కొక్క విషయానికి ఎదురుగా, దాని గురించి సరైన ప్రశ్న అడగగలవారు ఇప్పుడున్న ఏడుగురిలో ఎవరో రాయండి. ఎవరి పేరూ రాయలేక ఖాళీగా వదిలిన గడులే మీరు వెతకవలసిన నేపథ్యాలు.

"సరైన ప్రశ్న అడగగలవారు" అన్న మాటను కావాలనే వాడాను. బోర్డు సభ్యుల వృత్తి వల్ల సంస్థకు కలిగే అసలు మేలు అదేనని నాకు తెలిసొచ్చిన సందర్భం ఒకటుంది. పదిహేనేళ్ల కిందట, వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవలందించే ఒక సంస్థకు నేను కోశాధికారిని. ఆ బోర్డులో నాతో పాటు ఒక న్యాయవాది, ఇద్దరు కంపెనీ మేనేజర్లు, ఒక ప్రొఫెసరు, ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైన ఒక పెద్దావిడ ఉండేవారు. ఆ త్రైమాసికపు లెక్కలు నేనే సమర్పించాను. బ్యాంకు నిల్వ అంతకు ముందెన్నడూ లేనంత ఎక్కువగా కనిపించడంతో అందరూ సంతోషించారు. మరో ఇద్దరు సిబ్బందిని తీసుకుందామన్న తీర్మానం కూడా చర్చకు వచ్చింది. అప్పటిదాకా మాట్లాడకుండా కాగితాలు తిరగేస్తున్న ఆవిడ తలెత్తి, "ఇందులో వచ్చే నెల జీతాలకు ముట్టుకోదగ్గది ఎంత బాబూ?" అని అడిగారు.

నేను జవాబు చెప్పడానికి తడుముకున్నాను. ఆ నిల్వలో ఎక్కువ భాగం శిక్షణ కేంద్రం కట్టడానికే వాడాలన్న షరతుతో వచ్చిన నిధి. ఆ సంగతి నా నివేదికలో ఉంది, కాని ఆరో పేజీ అడుగున, చిన్న అక్షరాల వివరణలో ఉంది. ఆ షరతు నిధిని తీసేసి చూస్తే మిగిలినది రెండు నెలల జీతాలకు కూడా చాలదు. కొత్త సిబ్బంది మాట అక్కడితో ఆగిపోయింది. ఆ ప్రశ్న ఎలా తట్టిందని తర్వాత అడిగితే, వార్డులో తాము స్టోరులో ఉన్న ఆక్సిజన్ సిలిండర్లు ఎన్ని అని చూసేవాళ్లం కాదని, ఈ రాత్రికి మంచాల దగ్గరకు తేగలిగినవి ఎన్ని అని చూసేవాళ్లమని ఆవిడ చెప్పారు. లెక్కల్లో పట్టా ఉన్నవాడిని నేను; నివేదిక తయారుచేసినవాడిని కూడా నేనే. అందువల్లే అందులోని లోటు నాకు కనిపించలేదు. ఆ రోజు నుంచి ఏ సంస్థ లెక్కలు సమర్పించినా షరతులున్న డబ్బును, లేని డబ్బును మొదటి పేజీలోనే విడివిడిగా చూపిస్తున్నాను.

ఈ ఉదంతం విని అకౌంటెంటు అక్కర్లేదనుకోకండి. లెక్కలు చదవగలవారు బోర్డులో ఉండి తీరాలి. ఒక్కరు చాలరు, కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటే మిగిలినవారంతా ఆ పేజీలు తిప్పేసి, "ఆయన చూశారుగా" అని సంతకం పెడతారు. అప్పుడు సంస్థ డబ్బు మీద బోర్డు పర్యవేక్షణ ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది గాని, నిజానికి అది ఒక్క మనిషి చేతిలో ఉంటుంది.

ఇది ఎంత దూరం పోగలదో చూపించే కేసు ఒకటి స్వచ్ఛంద సంస్థల చట్టాన్ని చదివేవారందరికీ పరిచితం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని సిబ్లీ ఆసుపత్రి లాభాపేక్ష లేని సంస్థ. దాని ట్రస్టీల్లో, అంటే బోర్డు సభ్యుల్లో, పలువురు బ్యాంకుల్లో, ఆర్థిక సంస్థల్లో ఉన్నత పదవుల్లో ఉన్నవారు. నేపథ్యాల పట్టికగా చూస్తే డబ్బు సంగతి అంత బాగా తెలిసిన బోర్డు దొరకడం అరుదు. 1960లో సవరించిన నియమావళి ప్రకారం ఆర్థిక కమిటీ, పెట్టుబడుల కమిటీ ఏర్పడ్డాయి. ఆ రెండూ 1971 దాకా ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. వ్యవహారమంతా ప్రధానంగా ఇద్దరు వ్యక్తులు నడిపారు, మిగిలినవారు వారి మాట మీద నమ్మకంతో ఊరుకున్నారు. ఆసుపత్రి సొమ్ములో పెద్ద మొత్తం వడ్డీ రాని ఖాతాల్లో, లేదా తక్కువ వడ్డీ ఖాతాల్లో, అదీ ఆ ట్రస్టీలకు సంబంధమున్న బ్యాంకుల్లోనే ఉండిపోయింది. రోగులు కోర్టుకు వెళ్లారు. 1974లో న్యాయమూర్తి గెర్‌హార్డ్ గెసెల్ ఇచ్చిన తీర్పు ట్రస్టీలు కుట్ర చేశారని అనలేదు. పర్యవేక్షించవలసిన విధిని నిర్వర్తించలేదని, తమ సంబంధాలను బయటపెట్టకుండానే లావాదేవీలు జరగనిచ్చారని తప్పుపట్టింది. వారిని పదవుల నుంచి తొలగించకుండా, ఇకముందు తమ ఆర్థిక సంబంధాలను ముందే వెల్లడించాలని ఆదేశించింది.

ఆ కేసును కొత్త సభ్యులకు నేను ప్రతిసారీ చెబుతాను. అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, బోర్డులో బ్యాంకరు ఉండటం వేరు, ఆ బ్యాంకరు కమిటీలో కూర్చుని స్టేట్‌మెంట్లు చదవడం వేరు. రెండోది ఇంకా ముఖ్యమైనది: వృత్తి నైపుణ్యం ఎక్కడి నుంచి వస్తుందో, విరుద్ధ ప్రయోజనాలు కూడా అక్కడి నుంచే వస్తాయి. బ్యాంకరు వెంట బ్యాంకు వస్తుంది, బిల్డరు వెంట కాంట్రాక్టు వస్తుంది, ఆడిటరు వెంట ఆడిటు పని వస్తుంది. ఇందులో నీతిమాలినతనమేమీ ఉండనక్కర్లేదు. మంచి మనసుతోనే "మా బ్యాంకులో పెట్టండి, నేను చూసుకుంటాను" అంటారు. అందుకే ఎవరి నేపథ్యమైనా చూసేటప్పుడు ఈ వృత్తి మనకేమిస్తుంది అన్న ప్రశ్న పక్కనే, ఈ వృత్తి వల్ల ఏయే తీర్మానాలప్పుడు వీరు గది బయట ఉండవలసి వస్తుంది అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. రెండో జాబితా పొడవుగా ఉంటే, ఆ వ్యక్తి బోర్డు సభ్యుడిగా కంటే బయటి సలహాదారుగానే ఎక్కువ ఉపయోగపడతారు.

చట్టాలు కూడా వృత్తి కంటే ఈ సంబంధాల మీదే ఎక్కువ దృష్టి పెడతాయి. అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేసే ఫారం 990లో బోర్డు సభ్యుల వృత్తి ఏమిటన్న గడి లేదు. ఓటు హక్కున్న సభ్యుల్లో ఎందరు స్వతంత్రులు, వారిలో ఎవరికైనా మరొకరితో కుటుంబ సంబంధమో వ్యాపార సంబంధమో ఉందా అన్న ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. కాలిఫోర్నియా చట్టమైతే ప్రజాప్రయోజన సంస్థల బోర్డులో, గత పన్నెండు నెలల్లో ఆ సంస్థ నుంచి పనికి ప్రతిఫలం పొందినవారూ వారి బంధువులూ కలిపి 49 శాతం మించకూడదంటుంది. మీకు ఏ చట్టం వర్తించినా, నిధులిచ్చే సంస్థ నేపథ్యాలు అడిగినప్పుడు దాని మనసులో ఉన్న ప్రశ్న చాలావరకు ఇదే.

లాయర్లు, ఇంజినీర్లు, డిజైనర్ల విషయంలో మరో చిక్కు ఉంది. బోర్డులో ఉన్నవారి చేత ఉచితంగా పని చేయించుకోవచ్చని వారిని తీసుకునే సంస్థలు ఎన్నో. నేను అధ్యక్షుడిగా ఉన్న సంస్థలో బోర్డు సభ్యుడైన ఒక సివిల్ ఇంజినీరు తరగతి గదుల భవనానికి ఒక్క రూపాయి తీసుకోకుండా ప్లాను గీసి ఇచ్చారు. ఎంతో శ్రద్ధగా, రాత్రులు కూర్చుని చేసిన పని అది. ప్లానులో మెట్ల దారి ఇరుకుగా ఉందని నాకూ మరో ఇద్దరికీ అనిపించింది. అయినా ఉచితంగా అంత శ్రమపడ్డ మనిషిని నిలదీయడానికి ఎవరికీ నోరు రాలేదు. డబ్బిచ్చి చేయించుకుని ఉంటే పది ప్రశ్నలు వేసేవాళ్లం. గోడలు లేచాక మెట్లు మార్చడానికి అయిన ఖర్చు ఒక ఆర్కిటెక్టు ఫీజు కంటే ఎక్కువ. అధ్యక్షుడిగా ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఒక పద్ధతి పాటిస్తున్నాను: బోర్డు సభ్యులు తమ వృత్తి పనిని సంస్థకు చేసిపెట్టరు, బయటివారు చేసిన పనిని తమ అనుభవంతో పరీక్షిస్తారు. లాయరు ఒప్పందం రాయరు, రాసి తెచ్చిన ఒప్పందంలో అడగవలసినవి అడుగుతారు. చిన్న సంస్థకు ఇది ఖరీదైన నియమంగా తోస్తుందని తెలుసు. తప్పనిసరై సభ్యుల సేవ తీసుకున్నా, దాన్ని సమీక్షించే బాధ్యత మరొకరికి అప్పగించినట్టు మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగినది నమోదు చేసే పత్రంలో, రాయండి.

వృత్తి నిపుణులను పిలిచేటప్పుడు వారికి చెప్పవలసిన విషయం కూడా ఒకటుంది. నైపుణ్యం ఉన్నవారి మీద బాధ్యత కూడా ఎక్కువే. ఇంగ్లండు, వేల్స్‌లకు వర్తించే 2000 నాటి ట్రస్టీల చట్టం, పెట్టుబడుల వంటి అధికారాలను వాడేటప్పుడు ట్రస్టీ చూపవలసిన జాగ్రత్తను కొలవడానికి, అతనికి ప్రత్యేకంగా ఉన్న, లేదా తనకు ఉందని చెప్పుకున్న పరిజ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. "ఉందని చెప్పుకున్న" అన్న మాటను గమనించండి. వెబ్‌సైటులో ఒకరిని పెట్టుబడుల నిపుణులని రాస్తే, రేపు ఆ రంగంలో పొరపాటు జరిగినప్పుడు ఆ మాట వారికే చుట్టుకోవచ్చు. సభ్యులకు చూపించకుండా, వారి అనుమతి లేకుండా వారి నేపథ్యాన్ని పెంచి రాయకూడదనడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు.

ఇక మీ సంస్థ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపరిచిన సంగతికి వస్తాను. దృష్టి లోపం ఉన్న పిల్లల కోసం పనిచేసే బోర్డులో చూపు లేనివారు ఒక్కరూ లేరు. ఆ పిల్లల తల్లిదండ్రులూ లేరు. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవారూ లేరు. ప్రధానోపాధ్యాయుల వారు మామూలు బడుల్లో పనిచేసినవారని మీరే రాశారు.

సంస్థ చేసే అసలు పని తెలిసినవారు బోర్డులో లేకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో జరిగిన చర్చ చదివితే తెలుస్తుంది. 1996లో మొదలై, ఆదరణ లేని పిల్లల కోసం పనిచేసిన కిడ్స్ కంపెనీ అనే సంస్థ 2015 ఆగస్టులో మూతపడింది. దాని ట్రస్టీల అధ్యక్షులు బీబీసీలో ఉన్నతాధికారి. మాధ్యమాలు, వ్యాపార రంగాల్లో పేరున్నవారు బోర్డులో ఉన్నారు. ఆ వ్యవహారాన్ని విచారించిన పార్లమెంటు కమిటీ 2016 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో, యువజన సేవల్లో గాని మానసిక చికిత్సలో గాని అనుభవం ఉన్నవారు బోర్డులో కొరవడినందువల్ల ముఖ్య కార్యనిర్వాహకురాలి నిర్ణయాలను నిగ్గదీయలేకపోయారని రాసింది. ఇందులో మరో పక్కా ఉంది, అదీ చెప్పాలి: ఆ ట్రస్టీలను అనర్హులుగా ప్రకటించాలన్న కేసును హైకోర్టు 2021లో తోసిపుచ్చింది. వారి నిజాయితీని శంకించడానికి నేను ఈ ఉదాహరణ తేలేదు. ఎంత సమర్థులైనా, తమకు తెలియని పని గురించి చెప్పినదాన్ని నమ్మడం తప్ప మరో దారి లేని స్థితిలో వారు కూర్చున్నారు. మీ నలుగురు ఇంజినీర్లు బ్రెయిల్ బోధన గురించి ఈ రోజు సరిగ్గా అదే స్థితిలో ఉన్నారు. ఆ పనిలో మీరు ఏం చెబితే వారికి అదే వేదం.

బ్రెయిల్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ప్యారిస్‌లోని అంధ విద్యార్థుల సంస్థలో చదువుకుని, అక్కడే ఉపాధ్యాయుడైన లూయీ బ్రెయిల్ తన చుక్కల లిపిని 1829లో ప్రచురించాడు. విద్యార్థులు దాన్ని ఇష్టంగా నేర్చుకున్నారు. చూపున్న నిర్వాహకులకు మాత్రం కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసిన మామూలు అక్షరాలే మేలనిపించేవి, ఎందుకంటే వాటిని తామూ కళ్లతో చదవగలరు. ఆ సంస్థ బ్రెయిల్ లిపిని అధికారికంగా స్వీకరించింది 1854లో. లూయీ అప్పటికి రెండేళ్ల ముందే చనిపోయాడు. పాతికేళ్ల పాటు పిల్లల వేళ్లకు తెలిసినది పెద్దల గదిలోకి చేరలేదు. దీనికి భిన్నంగా 1940లో అమెరికాలో ఏర్పడిన నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్‌కు తొలి అధ్యక్షుడు జాకోబస్ టెన్‌బ్రూక్. ఆయన అంధుడు, రాజ్యాంగ న్యాయశాస్త్రంలో పండితుడు. వృత్తి నేపథ్యం, జీవితానుభవం ఒకే మనిషిలో కలిసినప్పుడు రెంటిలో ఏదో ఒకటే ఎంచుకోవలసిన అవసరమే రాదు. చూపు లేని ఉపాధ్యాయులు, న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు, ప్రోగ్రామర్లు ఎందరో ఉన్నారు. "లబ్ధిదారుల ప్రతినిధి" అని ఒక కుర్చీ కేటాయించి ఎవరినో తెచ్చి కూర్చోబెట్టమని నేను అనడం లేదు. మీకు కావలసిన వృత్తి నైపుణ్యాన్నే ముందుగా వారిలో వెతకమంటున్నాను.

నలుగురు ఇంజినీర్ల విషయంలో తప్పు వారిది కాదు. వారు ఎలా వచ్చి ఉంటారో ఊహించగలను: మొదట ఒకరు వచ్చారు, ఆయన తన సహోద్యోగిని తెచ్చారు, ఆయన మరొకరిని. బోర్డులు ఎక్కడైనా ఇలాగే పెరుగుతాయి. ఇంగ్లండు, వేల్స్‌లలో స్వచ్ఛంద సంస్థలను పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ 2017లో వెలువరించిన అధ్యయనంలో, ట్రస్టీలలో పురుషుల సంఖ్య స్త్రీలకు రెట్టింపని, ఎక్కువ మంది బహిరంగ ప్రకటనల ద్వారా కాక పరిచయాల ద్వారానే ఎంపికయ్యారని తేలింది. ఒకే రకం పని చేసేవారు నలుగురుంటే ఒక సమస్యను నాలుగు కోణాల్లో చూడటం జరగదు. ఒకే కోణంలో నాలుగుసార్లు చూస్తారు. పిల్లలు బడి మానేస్తున్నారంటే ముందుగా ఒక యాప్ గురించి చర్చ మొదలవుతుంది. ఆ నలుగురిలో ఇద్దరి పదవీకాలం వచ్చే ఏడాది ముగుస్తోందన్నారు కాబట్టి, వారిని కృతజ్ఞతతో సాగనంపి, ఇష్టమైతే సాంకేతిక సలహా కమిటీలోకి ఆహ్వానించండి. ఖాళీల గురించి అంధుల సంఘాలకు, ప్రత్యేక విద్య కళాశాలలకు, వృత్తి సంఘాలకు రాతపూర్వకంగా తెలియజేయండి. పరిచయాల ద్వారా వచ్చినవారిని కూడా అదే ఇంటర్వ్యూకి పిలవండి.

ప్రముఖుల గురించి, పెద్ద దాతల గురించి రెండే మాటలు. పేరు కోసం తీసుకున్నవారు సమావేశాలకు రారు, వచ్చినా కాగితాలు చదివి రారు. వారికి గౌరవ సభ్యత్వం ఇవ్వండి, ఓటు ఇవ్వకండి. అలాగే అన్ని వృత్తులకూ చోటు కల్పించాలని బోర్డును పెంచుకుంటూ పోకండి. అమెరికన్ రెడ్‌క్రాస్ బోర్డు ఒకప్పుడు యాభై మందితో ఉండేది. దాన్ని పన్నెండు నుంచి ఇరవై మందికి కుదించాలని 2007లో ఆ దేశపు కాంగ్రెస్ చట్టమే చేయవలసి వచ్చింది. పది మంది మీకు చాలు.

ఇంటర్వ్యూలో బయోడేటా చదివించుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. నేను చేసే పని ఒకటే: అభ్యర్థికి వారం ముందు సంస్థ గత ఏడాది లెక్కలు, వార్షిక నివేదిక పంపి, చదివి మూడు ప్రశ్నలతో రమ్మంటాను. వృత్తి ఏదైనా సరే ఇదే పరీక్ష. ఒకసారి పేరున్న మేనేజ్‌మెంటు కన్సల్టెంటు ఒకరు ప్రశ్నలేమీ లేవని, అంతా చాలా బాగుందని చెప్పి వెళ్లారు. అదే రోజు ఒక బడి గ్రంథపాలకురాలు వచ్చి, నివేదికలో పిల్లల సంఖ్య రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకుందని అడిగారు. ఎవరిని తీసుకున్నామో వేరే చెప్పనక్కర్లేదు. ఆవిడ ఆరేళ్లు ఆ బోర్డులో ఉండి, మా నివేదికల్లో ప్రతి అంకెనూ మూలంతో సరిచూసే అలవాటును స్థిరపరిచి వెళ్లారు.

రెండో ప్రశ్నకు వస్తున్నాను. మీరు జతచేసిన నమూనాలో సభ్యుల గురించి "ప్రముఖ సాంకేతిక నిపుణులు, సమాజ సేవాతత్పరులు" అని ఉంది. నలుగురికీ దాదాపు అదే వాక్యం. దీన్ని చదివే అధికారికి దానివల్ల ఏమీ తెలియదు. ఆయన తెలుసుకోవాలనుకునేది, ఈ మనిషి ఇంతకాలం ఏ బాధ్యత మోశారు, ఆ అనుభవాన్ని ఈ బోర్డులో దేనికి వాడుతున్నారు, ఈ సంస్థతో గాని ఇతర సభ్యులతో గాని వేరే సంబంధం ఏమైనా ఉందా అన్న మూడు సంగతులు. "పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నారు, గత ఐదేళ్లుగా వినియోగదారుల సమాచార భద్రత చూసే బృందానికి బాధ్యులు. మన బోర్డులో 2021 నుంచి ఉన్నారు. పిల్లల వివరాల గోప్యతను పర్యవేక్షించే ఉపసంఘానికి కన్వీనరు. సంస్థతో ఆర్థిక లావాదేవీలు లేవు" అని రాస్తే నాలుగు వాక్యాల్లో మనిషి కనిపిస్తారు. ఇలా రాయబోతే ఒక సభ్యుడి గురించి రెండో భాగంలో రాయడానికి ఏమీ లేదని తేలవచ్చు. అప్పుడు ఏదో ఒకటి కల్పించకండి; ఆ సభ్యుడితో కూర్చుని ఆయనకు తగిన బాధ్యత ఏదో మాట్లాడి అప్పగించండి, ఆ తర్వాత రాయండి.

పనిచేసే కంపెనీ పేరు రాయాలంటే ఆ సభ్యుడు తన యాజమాన్యం అనుమతి తీసుకోవాలి. కంపెనీ తరఫున కాక వ్యక్తిగత హోదాలో ఉన్నారని స్పష్టం చేయాలి. రిటైరైనవారి విషయంలో చివరి హోదా ఒక్కటే రాసి ఊరుకోకుండా, ఆ పని ఎప్పటిదాకా చేశారో రాయండి. పదిహేనేళ్ల కిందటి అనుభవానికి విలువ ఉంటుంది గాని, దాన్ని నిన్నటిదిగా చూపించకూడదు. గృహిణి అయిన సభ్యురాలు ఎవరైనా రేపు చేరితే, వృత్తి అన్నచోట గీత గీసి వదలకండి. చూపు లేని పిల్లవాడిని బడికి పంపి, పరీక్షలకు లేఖకులను వెతికి, కళాశాల దాకా చేర్చిన తల్లికి మీ రంగంలో ఉన్న అనుభవం మీ బోర్డులో ప్రస్తుతం ఇంకెవరికీ లేదు. దాన్ని అదే వివరంతో రాయండి.

మీ అన్నగారి సంగతిని ఆ పత్రంలో దాచవద్దు. మీరిద్దరూ తోబుట్టువులన్న సంగతి ఇద్దరి వివరాల్లోనూ ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, చెక్కుల మీద సంతకం చేసే ఇద్దరూ ఒకే కుటుంబం వారు కావడం ఆయన నిజాయితీతో నిమిత్తం లేకుండా సరిదిద్దవలసిన విషయం. ఆయనను బోర్డులో ఉంచుకోండి, కోశాధికారి బాధ్యతను మాత్రం కొత్తగా వచ్చేవారికి బదలాయించండి. దాత అడిగేలోపే ఈ మార్పుకు తేదీ నిర్ణయించి తీర్మానం చేస్తే, మీ పత్రంలో అన్నిటికంటే ఎక్కువ నమ్మకం కలిగించే వాక్యం అదే అవుతుంది.

కాబట్టి మూడు ఖాళీల విషయంలో నా సలహా ఇది. మొదటి స్థానానికి లెక్కలు చదవగల, మీ కుటుంబంతోను మీ ఆడిటరుతోను సంబంధం లేని వ్యక్తిని కోశాధికారిగా తీసుకోండి. రెండో స్థానానికి చూపు లేని వృత్తి నిపుణులను వెతకండి. ప్రత్యేక విద్య తెలిసినవారైతే మరీ మంచిది. మూడో స్థానాన్ని ఆరు నెలలు ఖాళీగా ఉంచండి. ఆ ఇద్దరూ వచ్చి రెండు సమావేశాల్లో కూర్చున్నాక, మీరు మొదట రాసుకున్న కాగితంలో ఏ గడి ఇంకా ఖాళీగా ఉందో ఇప్పటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. వసతి గృహం ఉంది కనుక పిల్లల సంరక్షణలో పనిచేసినవారు కావలసి వస్తారని నా అంచనా.

రెండో స్థానానికి చూపు లేనివారిని ఆహ్వానించే ముందు మీ బోర్డు కాగితాలను ఒకసారి చూసుకోండి. స్కాన్ చేసి పంపే పేజీలను, కంప్యూటరు తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు. దానికి అవి బొమ్మలు. లెక్కల పట్టికలను స్ప్రెడ్‌షీటుగా, ఎజెండాను, మినిట్స్‌ను టైపు చేసిన ఫైలుగా, సమావేశానికి కనీసం వారం ముందు పంపే ఏర్పాటు చేయండి. గోడ మీద ప్రొజెక్టరుతో చూపే ప్రతి చార్టునూ మాటల్లో చదివి వినిపించే బాధ్యతను ఎవరికైనా అప్పగించండి. ఇది మొదటి సమావేశానికి ముందే పూర్తికావాలి, ఎందుకంటే వచ్చినవారు ఆ రోజే లెక్కల గురించి ప్రశ్న అడగగలగాలి.